కాలిన పాటలు

"డబ్బాలు పద్నాలుగూ ఉన్నాయత్తా. ఒక్కదాంట్లోనూ క్యాసెట్ లేదు," అన్నాడు మార్విన్.

వంటింటి బల్ల మీద అట్టపెట్టె బోర్లించి ఉంది. దాని చుట్టూ ప్లాస్టిక్ డబ్బాలు చెల్లాచెదురుగా పడున్నాయి. ప్రతి డబ్బా మీదా నీలం సిరాతో రాసిన చీటీ. ‘నాన్న, మొదటి పాటలు’. ‘నాన్న, కొండ దాటే పాటలు’. ‘నాన్న, తెల్లవారే పాటలు’. రాత రుఫీనాది.

రుఫీనా పొయ్యి దగ్గర, అందరికీ వీపు పెట్టి, బీన్స్ గిన్నెలో గరిటె తిప్పుతోంది.

క్యాసెట్లున్నాయని కిందటి వారం చెప్పింది ఆమే. అన్నయ్య క్లెమెంటే ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రోజది. క్యాన్సరు ముదిరిందని డాక్టర్లు ఆయన గొంతుపెట్టెనే కోసి తీసేశారు. మెడ కింద కన్నం, దాని మీద చిన్న గుడ్డ. నలభై ఏళ్ళు కవియా తెగ పిట్టపాటలు పాడి, తండ్రి తర్వాత వాటిని ఎత్తుకునే ముందు గొంతుగా నిలబడిన మనిషి, మంచినీళ్ళు కావాలని పలక మీద రాసి చూపిస్తుంటే అందరూ తలలు దించుకున్నారు. సగం పాటలు ఇంకా కుర్రవాళ్ళకు నేర్పనేలేదని ఆయన కొడుకు మార్విన్ ఏడ్చాడు. అప్పుడు రుఫీనా నోటి నుంచి ఆ మాట జారింది: "నాన్న పాడిన క్యాసెట్లు మా షెడ్డులో ఉన్నాయిగా!"

గదిలో అందరి మొహాలూ ఒక్కసారి విప్పారాయి. ఆ మొహాలు అలా చూడాలనే అన్నదేమో, ఆమెకే తెలియదు.

"పోయిన నెల షెడ్డు సర్దిందెవరు?" మార్విన్ అడిగాడు.

"నేనే," అంది లూర్దెస్, రుఫీనా కోడలు. గ్రేప్‌ఫ్రూట్ తొక్క తీస్తున్నదల్లా చేతులు తుడుచుకుంది. "ఈ పెట్టెని ఒక మూల నుంచి ఇంకో మూలకి జరిపాను. అంతే. మూత తియ్యలేదు."

"తియ్యకుండానే క్యాసెట్లు ఎగిరిపోయాయా?"

"నన్నడుగుతావేంటి మార్విన్?"

మార్విన్ తన బావ వైపు చూశాడు. రుఫీనా కొడుకు ఎల్మర్ గోడకి ఆనుకుని, ఒక ఖాళీ డబ్బాని టక్కుమని తెరిచి మూస్తున్నాడు. చాలాసేపు అదే చప్పుడు.

"లూర్దెస్," అన్నాడు చివరికి, ఆమె వైపు చూడకుండా. "సంతలో మీ తమ్ముడు చూయ్ కొట్టుకి ఒక సంచీ క్యాసెట్లు ఇచ్చావు కదా, ఆ రోజు."

"ఇచ్చాను. నీ గిటార్ల గోల క్యాసెట్లు. సంచీ కట్టి కార్లో పెట్టింది నువ్వే."

"అదే. వాటిలో ఇవేమన్నా కలిసిపోయాయేమోనని..."

"డబ్బాలు ఇక్కడ వదిలేసి, క్యాసెట్లు మాత్రం ఏరి పట్టుకెళ్ళానంటావా?"

"పేర్లు రాసిన డబ్బాలు ఎవరు కొంటారక్కా?" మార్విన్ అందుకున్నాడు. "పాతవి చెరిపి కొత్త పాటలెక్కించి అమ్మడమేగా మీ చూయ్ చేసే వ్యాపారం! మా తాత గొంతు మీద ఎవడి పెళ్ళి బ్యాండో ఎక్కించి ఇండియో సంతలో అమ్మేసుంటాడు."

"నోరు జాగ్రత్త."

"నీకేం, మీ పాటలు పొద్దస్తమానం రేడియోలో వస్తాయి. మావి ఏ రేడియోలో వస్తాయి? ఆ పద్నాలుగు క్యాసెట్లే మాకు."

లూర్దెస్ మొహం ఎర్రబడింది. ఆమె వాళ్ళు వేరే జాతి, ఇండియో పట్నంలో ఖర్జూరం ప్యాకింగు చేసే కుటుంబం. ఈ ఇంటికి కోడలై వచ్చి తొమ్మిదేళ్ళు. ‘మీ’, ‘మా’ అన్న మాటలు ఈ వంటింట్లో ఇంత గట్టిగా ఎవరూ అనలేదు ఇన్నాళ్ళూ.

ఆమె గబగబా వెళ్ళి పొయ్యి పక్క గోడకు అంటించిన చీటీ మీద అరచెయ్యి పెట్టి మూసింది. అలాంటి చీటీలు ఇంటినిండా ఉన్నాయి, నీళ్ళ కుళాయి మీద, ఉప్పు సీసా మీద, తలుపు మీద. ఊరి హాల్లో మంగళవారాలు జరిగే కవియా భాష క్లాసుకి ఈ ఇంట్లోంచి వెళ్ళేది ఆమె ఒక్కతే.

"నిప్పుని మీ భాషలో ఏమంటారో చెప్పు మార్విన్. చెప్పు. నీదే కదా భాష!"

మార్విన్ నోరు తెరిచాడు. ఏ మాటా రాలేదు.

"కూత్," అంది లూర్దెస్, చెయ్యి తీసి. "నువ్వు సొరబుర్ర గిలక్కాయ పట్టుకుని గంటలు గంటలు పాడతావు. ఒక్క ముక్కకి అర్థం తెలుసా నీకు?"

"పరాయిదానివి నువ్వా నాకు..."

"ఒరేయ్!" అన్నాడు ఎల్మర్. కానీ ఆ అరుపులో పస లేదు. వెంటనే భార్య వైపు తిరిగి, గొంతు తగ్గించి, "ఒట్టేసి చెప్పు లూర్దెస్. పాప మీద ఒట్టేసి. ఇంక ఎవరూ ఏమీ అనరు," అన్నాడు.



లూర్దెస్ మొగుణ్ణి కాసేపు అలాగే చూసింది. తర్వాత మెల్లగా అత్తగారి వైపు తిరిగింది.

"అత్తయ్యా. నేను షెడ్డు సర్దుతుంటే మీరు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆ పెట్టెకి అంటించిన టేపు నేను ఊడదియ్యలేదని మీకు తెలుసు. మీరైనా చెప్పండి."

రుఫీనా చేతిలో గరిటె ఆగింది. వీపు మీద మూడు జతల కళ్ళు ఆనినట్టు తెలుస్తోంది. ఒక్క మాట, ఒక్కటంటే ఒక్కటి. అది నాలుక చివరిదాకా వచ్చింది.

"బీన్స్ అడుగంటుతున్నాయి," అంది రుఫీనా.

లూర్దెస్ వెనక్కి తిరిగింది. లోపలికెళ్ళింది. బీరువా తలుపు చప్పుడు, జిప్పు లాగిన చప్పుడు వినిపించాయి. ఏడేళ్ళ ఇనెజ్ ఒక కాలికి బూటుతో, రెండో బూటు చేత్తో పట్టుకుని తల్లి వెంట నడిచింది. "నానమ్మా, మేం ఎక్కడికెళ్తున్నాం?" అని అడిగింది. నానమ్మ గిన్నెలోకి చూస్తూ ఉండిపోయింది.

కారు వెళ్ళిపోయింది. ఇసుక లేచి కిటికీని కప్పేసింది.

*

ఆ క్యాసెట్లు ఎక్కడున్నాయో రుఫీనాకు తెలుసు. ఎక్కడా లేవు. పదకొండేళ్ళ కిందట ఆమే వాటిని కాల్చేసింది.

అందరూ వెళ్ళిపోయాక ఆమె స్టవ్ దగ్గరే కూలబడింది. కొండ మీద ఫిబ్రవరి మంచు ఎండకి తళతళలాడుతోంది. క్యాసెట్లు రికార్డు చేసినవీ అట్లాంటి ఎండపూటలే. మూడు చలికాలాలు, మధ్యాహ్నం భోజనాలయ్యాక, నాన్న సెవెరో ఈ బల్ల దగ్గరే కూర్చుని పాడేవాడు. టేప్ రికార్డర్ బొత్తాలు నొక్కేది రుఫీనా.

మాటలు ఆమెకి తెలుసు. నాన్నతో ఆ భాషలో మాట్లాడేది ఇంట్లో ఆమె ఒక్కతే. పాట ఎక్కడ మలుపు తిరుగుతుందో, పిట్టలు ఏ కొండ దగ్గర వాలి, ఏ నీళ్ళు తాగి, ఎందుకు అక్కడ ఉండకుండా లేచిపోయాయో ఆమెకి ముందే తెలిసిపోయేది. ఒకరోజు పాట మధ్యలో ఆమె కూడా గొంతు కలిపింది. నాన్న పాట ఆపేశాడు.

"వెనక్కి తిప్పు," అన్నాడు. "నీ గొంతు పడింది. చెరిపెయ్."

"నేనూ నేర్చుకుంటా నాన్నా. అన్నయ్య వారానికోసారి వస్తాడు. నేను రోజూ ఉంటాను."

"ముందు నిలబడి పాడేది వాడు. నువ్వు ఆడితే చాలు. బొత్తాలు మాత్రం నీ అంత చక్కగా ఎవరూ నొక్కలేరు."

ఆమె వెనక్కి తిప్పింది. తన గొంతు తనే చెరిపింది.

ఆయన మంచం పట్టిన నాలుగేళ్ళూ ఎత్తి దించిందీ, ఓక్ గింజల జావ చెంచాతో తాగించిందీ ఆమే. చివరి రోజున సొరబుర్ర గిలక అన్నయ్య చేతిలో పెట్టాడు నాన్న. ఆమె వైపు తిరిగి, "క్యాసెట్లు జాగ్రత్త. వాడి పిల్లలు అడిగినప్పుడు ఇవ్వు," అన్నాడు.

పోయిన మనిషి వస్తువులు నిప్పుకిచ్చెయ్యాలి. లేకపోతే ఆ మనిషికి వెనక్కి చూపు మిగులుతుంది. పెరట్లో పెద్ద మంట వేశారు. చొక్కాలు, టోపీ, మంచం కోళ్ళు, కుర్చీ. రుఫీనా ఇంట్లోకెళ్ళి, డబ్బాల్లోంచి క్యాసెట్లు ఒక్కొక్కటే తీసి బూట్ల పెట్టెలో నింపి తెచ్చి, ఆ మంటలో పెట్టింది. తల్లి అడిగితే చెప్పులంది. నల్లటి పొగ లేచింది. డబ్బాల మీద తన చేతిరాత ఉంది. వాటిని మాత్రం పారెయ్యలేకపోయింది.

ఆచారం చేశానని ఎవరైనా అడిగితే చెప్పొచ్చు అనుకుంది. ఎవరూ అడగలేదు. పాటలు అన్నయ్య గొంతులో ఉన్నాయి గదా అని ఎవరికీ వాటి అవసరమే రాలేదు.

ఆ భాషని కొడుక్కి కూడా నేర్పలేదు. అడిగితే, "దాంతో నీకేం పని" అనేది. లూర్దెస్ చీటీలు అంటిస్తుంటే, "నీ నోట్లో మా మాటలు రొట్టె ముక్కల్లా నలుగుతాయే" అని నవ్వేది. లూర్దెస్ కూడా నవ్వి, మళ్ళీ పలికేది.

*

శుక్రవారం మధ్యాహ్నం ఎల్మర్ ఇండియో నుంచి తిరిగొచ్చాడు. చొక్కా భుజం దగ్గర చిరిగి ఉంది. పెదవి వాచింది.

"చూయ్ కొట్టంతా తిరగేశాను," అన్నాడు. "ఆరు వందల క్యాసెట్లు. ఒక్కొక్కటీ వినిపించాడు. మనవి లేవు. దొంగ అన్నందుకు ఈ గుద్దు."

"పాప?"

"కనపడలేదు. లూర్దెస్ వాళ్ళమ్మ నా మొహం మీదే తలుపేసింది. లూర్దెస్ కిటికీలోంచి ఒకే మాటంది." అతను కుర్చీలో కూలబడ్డాడు. "‘నన్ను పాప మీద ఒట్టెయ్యమన్నావు చూడు, అక్కడైపోయింది’ అంది."

రుఫీనా గుడ్డలో మంచుముక్కలు చుట్టి ఇచ్చింది. అతను పెదవికి ఆనించుకున్నాడు.

"తనే తీసిందంటావా అమ్మా?"

ముప్ఫై మూడేళ్ళ కొడుకు, ఆరేళ్ళవాడిలా అడిగాడు. తల్లి అవునంటే నమ్ముతాడు. కాదంటే నమ్ముతాడు.

"నేను మీ మామయ్య ఇంటికెళ్ళొస్తాను," అంది రుఫీనా. కారు తాళాలు తీసుకుంది.

*

క్లెమెంటే వాకిట్లో మెస్కీట్ చెట్టు కింద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో పలక. చలికి మెడ చుట్టూ ఎర్ర గుడ్డ. చెల్లెల్ని చూసి పక్కనున్న కుర్చీ కాలితో ముందుకు తోశాడు.

ఆమె కూర్చోలేదు.

"అన్నయ్యా, క్యాసెట్లు లూర్దెస్ తియ్యలేదు."

ఆయన చూస్తూ ఉన్నాడు.

"చూయ్ తియ్యలేదు. ఎవరూ తియ్యలేదు. నాన్న పోయినప్పుడు, ఆ మంటలో..." ఆమె కుర్చీ వీపు పట్టుకుంది. "నేనే వేశాను."

క్లెమెంటే పలక తీసుకున్నాడు. తెల్ల పలక మీద నల్ల పెన్ను కీచుమంది. రాసి ఆమె వైపు తిప్పాడు.

‘తెలుసు.’

"ఏం తెలుసు?"

తుడిచి మళ్ళీ రాశాడు. ‘మంటకి అవతల నిలబడ్డాను. చూశాను. బూట్ల పెట్టె.’

రుఫీనా కుర్చీ దగ్గరికి లాక్కుంది. అప్పుడు కూర్చుంది.

"చూసి ఊరుకున్నావా? రెండడుగులు వేస్తే లాగెయ్యొచ్చు. నన్ను నాలుగు తన్నొచ్చు. ఎందుకు ఊరుకున్నావు అన్నయ్యా?"

పెన్ను మూత పెట్టాడు, తీశాడు. ఏదో రాసి, ఆమె చూడకముందే తుడిచేశాడు. మళ్ళీ రాశాడు.

‘నాకు హాయిగా అనిపించింది.’

ఆమె ఆ మాటని రెండుసార్లు చదివింది.

‘నాన్న గొంతు పక్కన నాది చిన్న గొంతు. ఆ క్యాసెట్లుంటే ప్రతివాడూ పోల్చి చూస్తాడు. అవి పోయాక నేనే మిగిలాను.’

చెట్టు మీంచి ఎండిన కాయ ఒకటి రాలి పలక మీద పడింది. ఆయన దాన్ని తీసి పక్కన పెట్టాడు.

"మరి పోయిన వారం, నేను షెడ్డులో ఉన్నాయని అన్నప్పుడు?"

‘అబద్ధమని తెలుసు. మార్విన్ ముందు నోరు విప్పలేకపోయాను.’ రాశాక ‘నోరు’ అన్న మాట చూసుకుని ఆయన పెదవులు వంకరపోయాయి. నవ్వో ఏడుపో తెలియలేదు. కింద ఇంకో వరుస కలిపాడు. ‘సగం పాటలు కావాలనే దాచుకున్నాను. ఇంకా టైముంది అనుకున్నాను.’

"ఆ పిల్లని దొంగని చేశాం అన్నయ్యా, ఇద్దరం కలిసి."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి పెదవులు కదలసాగాయి. శబ్దం లేదు. మెడ దగ్గర గుడ్డ మాత్రం ఊపిరికి లేస్తూ పడుతూ ఉంది. రుఫీనా అలవాటుగా ఆ పెదవుల వైపు చూసింది.

‘కొండ కనిపించింది. అక్కడ మేం ఆగలేదు.’

అది కవియా మాట. నాన్న రెండో చలికాలంలో పాడిన పాట. వారం రోజులుగా మార్విన్, అతని స్నేహితులు క్లెమెంటే నోటి కదలికలు చూస్తూ ఒక్క ముక్క పట్టలేక తలలు బాదుకుంటున్నారు. పట్టేదెలా? వాళ్ళకి తెలిసింది శబ్దాలే. ఏ మాట తర్వాత ఏ మాట రావాలో భాష తెలిసినవాళ్ళకే తడుతుంది.

"కొండ కనిపించింది," అంది ఆమె ఆ భాషలోనే, మెల్లగా.

క్లెమెంటే కళ్ళు తెరిచాడు. ముందుకి వంగాడు. పెదవులు ఇంకా స్పష్టంగా కదిలాయి. ఆయన అరచెయ్యి కుర్చీ చేతి మీద దెబ్బ వేసింది, గిలక వేసినట్టే. రుఫీనా గొంతులోంచి పాట రెండో వరుస వచ్చింది, బొంగురుగా, ఏళ్ళ తరబడి తెరవని తలుపులాగా. మూడో వరుస. నాలుగోది.

"అత్తా."

మార్విన్ ఇంటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచో. అతని చూపు తండ్రి ఒళ్ళోని పలక మీద ఉంది. ‘సగం పాటలు కావాలనే’ అన్న వరుస ఇంకా తుడవలేదు.

"నువ్వు కాల్చావు," అన్నాడు అత్తతో. "నువ్వు చూశావు," అన్నాడు తండ్రితో.

"లూర్దెస్ అక్కని నేను పరాయిదన్నాను. తెలిసీ ఇద్దరూ ఊరుకున్నారు."

"నీ తప్పు కాదురా..."

"నాదే! ఆ నోరు నాదేగా!" అతను గోడని చేత్తో కొట్టాడు. "రేపు హాల్లో కూటం. మమ్మల్ని పాడమన్నారు. ఏ మొహం పెట్టుకుని పాడను? ఎవరి పాటలవి?"

*

శనివారం పొద్దున రుఫీనా ఇండియో వెళ్ళింది. లూర్దెస్ వాళ్ళమ్మ తలుపు తీసి, ఎవరో చూసి, గడపకి అడ్డంగా నిలబడింది. వెనక నుంచి లూర్దెస్ వచ్చి, "నువ్వు లోపలికెళ్ళమ్మా," అంది.

రుఫీనా మొత్తం చెప్పింది. గుమ్మం బయటే నిలబడి. ఎండలో.

లూర్దెస్ ఏడవలేదు. చివరిదాకా విని, "ఆ రోజు బీన్స్ మాడుతున్నాయన్నారు," అంది.

"మాడలేదు. అప్పటికే స్టవ్ ఆర్పేశాను."

"అనుకున్నాను. మాడు వాసన రాలేదు."

"నన్ను తిట్టవే. ఏమన్నా పడతాను."

"తిట్టి ఏం చెయ్యను? క్లాసులో నా పక్కన కూర్చునే మీ డొరొతియా పిన్ని నిన్న ఫోన్ చేసింది. ‘ఇచ్చెయ్యమ్మా, ఎవరూ ఏమీ అనరు’ అంది. ఊరంతా అదే అనుకుంటోంది. మీరిక్కడికి వచ్చి నా చెవిలో చెప్తే ఊరి చెవికి ఎట్లా చేరుతుంది అత్తయ్యా?"

రుఫీనా తల ఊపింది. ఆ మాట వస్తుందని తెలుసు. దారంతా ఆ మాట రాకూడదనే అనుకుంటూ వచ్చింది.

"మధ్యాహ్నం రెండింటికి కూటం. నువ్వు వస్తావా?"

"నేను రాకపోతే చెప్పరా?"

లూర్దెస్ తలుపు వేసింది, మెల్లగానే.

*

హాల్లో అరవై మంది దాకా ఉన్నారు. బల్లల మీద రొట్టెలు, జావ గిన్నెలు, కాఫీ. మార్విన్, అతని స్నేహితులు నలుగురు గిలకలు ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద వరుసగా కూర్చున్నారు. క్లెమెంటే వాళ్ళ చివర. ఎల్మర్ గుమ్మం పక్కన. పొద్దున ఇండియో నుంచి రాగానే తల్లి అతనికి అంతా చెప్పింది. అప్పటి నుంచి అతను ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు.

రుఫీనా లేచి నిలబడింది. కూటాల్లో ఆమె ఎన్నడూ లేచి మాట్లాడలేదు.

"నాన్న క్యాసెట్లు పోయాయని మీరంతా విన్నారు," అంది. "నా కోడలు అమ్మేసిందని కూడా విన్నారు. అది అబద్ధం. పదకొండేళ్ళ కిందట, నాన్న వస్తువులు కాల్చినప్పుడు, నేనే వాటిని నిప్పులో వేశాను. నా కోడలు వాటిని కంటితో కూడా చూడలేదు."

ఎవరో కాఫీ కప్పు కింద పెట్టిన చప్పుడు. కుర్చీలు కదిలాయి. గొంతులు లేచాయి. క్లెమెంటే కూడా లేచి చెల్లెలి పక్కన నిలబడ్డాడు. చేతిలో పలక. ఇంట్లోనే రాసి తెచ్చుకున్నాడు: ‘నేను చూశాను. ఆపలేదు.’ పలకని అందరికీ కనపడేలా నెమ్మదిగా ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిప్పాడు.

అప్పుడు ముందు వరుసలోంచి డొరొతియా చెయ్యెత్తింది. రుఫీనా తల్లికి చెల్లెలి వరస. ఎనభై ఆరేళ్ళు. ఆమె మాటంటే ఊళ్ళో ఎదురుండదు.

"ఇందులో తప్పేముందే?" అంది ముసలామె. "పోయినవాడి వస్తువు నిప్పుకివ్వాలి. పోయినవాడి గొంతు కూడా వస్తువే. నువ్వు మన పద్ధతి ప్రకారమే చేశావు. కూర్చో తల్లీ. ఇక దీని గురించి ఎవరూ మాట్లాడొద్దు."

కొందరు తలలూపారు. రుఫీనాకి ఒళ్ళంతా తేలికైంది. ఎంత సులువు! పదకొండేళ్ళ నుంచి తను దాచుకున్న మాటే, పెద్దావిడ నోటి నుంచి, అందరి ముందూ వచ్చింది. కూర్చుంటే చాలు.

గుమ్మంలో వెలుగు కొంచెం మారింది. లూర్దెస్ వచ్చి నిలబడింది, ఇనెజ్ చెయ్యి పట్టుకుని.

రుఫీనా కూర్చోలేదు.

"పద్ధతి కోసం కాదు పిన్నీ," అంది. "నాన్న దాచమన్నాడు. పిల్లలకిమ్మన్నాడు. నాకు నేర్పలేదని కడుపుమంటతో కాల్చాను. నేను పాడకూడదంటే ఇంకెవరూ పాడకూడదనుకున్నాను. నా కొడుక్కి మాట కూడా నేర్పలేదు అందుకే. పద్ధతిని అడ్డం పెట్టుకుని ఇన్నేళ్ళు దాక్కున్నాను. మొన్న నా కోడల్ని అడ్డం పెట్టుకున్నాను."

డొరొతియా చెయ్యి మెల్లగా ఒళ్ళోకి దిగింది. ఆమె రుఫీనా వైపు చూడలేదు. వెనక వరుసలో ఒక జంట లేచి, తమ గిన్నెలు తీసుకుని బయటికి వెళ్ళిపోయారు. వాళ్ళ వెనకే ఇంకో ఇద్దరు.

మార్విన్ లేచాడు. గుమ్మం దాకా నడిచి, లూర్దెస్ ముందు నిలబడ్డాడు.

"అక్కా, అందరూ వింటుండగా అన్నాను, అందరూ వింటుండగానే వెనక్కి తీసుకుంటున్నా. నిప్పు, కూత్. నాకు తెలిసింది ఆ ఒక్క మాటే. అదీ నువ్వు చెప్పిందే."

లూర్దెస్ అతన్ని చూసింది. "వెళ్ళి పాడు," అంది. నవ్వలేదు.

మార్విన్ వెళ్ళి తన చోట కూర్చోలేదు. పక్కకి జరిగి, బెంచీ మీద తనకీ తండ్రికీ మధ్య ఖాళీ చేశాడు. అందరికీ తెలుసు అది ఎవరికో. ఆడవాళ్ళు పాటకి ఎదురుగా నిలబడి ఆడతారు, గొంతు కలుపుతారు. గిలకల వరుసలో ఆడమనిషి కూర్చుని ముందు గొంతు కావడం ఆ హాల్లో ఎవరూ చూడలేదు.

రుఫీనా వెళ్ళి కూర్చుంది. అన్నయ్య వైపు తిరిగింది. ఆయన గిలక ఎత్తాడు, లోపలి గింజలు జల్లుమన్నాయి. పెదవులు కదిలాయి. ఆమె పాడింది. ఆమె వెనకే మార్విన్, మిగతా కుర్రవాళ్ళూ తడబడుతూ అందుకున్నారు.

మొదటి పాటకి ఎవరూ లేచి ఆడలేదు. రెండో పాటలో ఇనెజ్ తల్లి చెయ్యి వదిలించుకుని వచ్చి, మధ్యలో ఒక్కతే అడుగులు వెయ్యడం మొదలుపెట్టింది. మూడో పాటకి ఇద్దరు ముసలమ్మలు ఆ పిల్లకి చెరో పక్కా చేరారు. డొరొతియా మాత్రం కదల్లేదు.

ఎల్మర్ గుమ్మం దగ్గర భార్య పక్కకి జరిగాడు. వాచిన పెదవితో ఏదో అన్నాడు. పాట మధ్య విరామంలో లూర్దెస్ జవాబు రుఫీనా చెవిన పడింది.

"పాప వస్తుంది, ప్రతి శనివారం. పాటలకి. నేనింకా ఏమీ అనుకోలేదు. ఒట్టెయ్యమన్నది మీ అమ్మ కాదు ఎల్మర్, నువ్వు."

రుఫీనా తల తిప్పి చూడబోయింది. పక్క నుంచి క్లెమెంటే మోచేత్తో పొడిచాడు. గిలక మళ్ళీ లేచింది. దెబ్బ మారింది. నెమ్మదిగా, రెండేసి చొప్పున. ఆమె ఎరిగిన ఏ పాటకీ లేని దెబ్బ.

ఆయన పెదవులు కదిలాయి. ఆమెకి అందలేదు. నాన్న వంటింటి బల్ల ముందు, రికార్డర్ ముందు, ఆమె ముందు ఎన్నడూ పాడని పాట. ఎక్కడో కొండ మీద, తండ్రీ కొడుకులు ఇద్దరే ఉన్నప్పుడు ఇచ్చిపుచ్చుకున్న పాట. అది అన్నయ్య ఇప్పుడు ఆమె ముందు పెడుతున్నాడు. హాలంతా ఆమె నోటి వైపు చూస్తోంది. ఇనెజ్ ఒక కాలు ఎత్తి, పాట కోసం ఆగి ఉంది.

"మళ్ళీ," అంది రుఫీనా కవియాలో, ఆయన మొహానికి మొహం ఆనేంత దగ్గరికి వంగి. "మళ్ళీ చెప్పు అన్నయ్యా. నాకు ఇది రాదు."